గ్రేడింగ్ టేబుల్ దగ్గరే ఏడాది గడిచిపోతోంది

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్ళు. ఉండి దగ్గర పల్లెటూరు మాది. ఇంటర్ బైపీసీ పాసయ్యాక చదువు ఆగిపోయింది. ఎనిమిది నెలల క్రితం భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరాను. ఏడాది శిక్షణ అన్నారు. పీలింగ్, గ్రేడింగ్, ఫ్రీజింగ్, ప్యాకింగ్, ల్యాబ్ అన్నీ చూపిస్తామన్నారు. మొదట్లో కొన్నాళ్ళు పీలింగ్‌లో ఉంచి, తర్వాత రొయ్యల్ని సైజులవారీగా వేరుచేసే గ్రేడింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టారు. అప్పటినుంచి అక్కడే. తెల్లవారుజామున ఐదున్నరకి లాకుల దగ్గర కంపెనీ బస్సు ఎక్కితే ఇంటికొచ్చేసరికి సాయంత్రం అవుతుంది. సరుకు ఎక్కువొచ్చిన రోజు రాత్రవుతుంది.

నాన్న లీజు చెరువుల్లో నష్టపోయి అప్పులపాలయ్యారు. నా స్టైఫండ్ మొత్తం ఇంట్లోనే ఇస్తాను. అన్నయ్య బైకు వాయిదా కూడా అందులోంచే కడుతున్నారు. అయినా నేను పక్కన కూర్చుంటే 'రొయ్యల కంపు' అని లేచిపోతాడు. నాతోపాటు చేరిన ఇద్దరు శ్రీసిటీలో సెల్‌ఫోన్ల కంపెనీకి వెళ్ళిపోదాం రమ్మంటున్నారు. హాస్టల్ ఇస్తారట, జీతం ఇక్కడికి రెట్టింపట. అమ్మ సంబంధాలు చూస్తోంది. నాకేమో తెల్లకోటు వేసుకుని ల్యాబ్‌లో పనిచేయాలని ఉంది. స్కూటీ కొనుక్కోవాలని ఉంది. ఒక్క ఆదివారం ఫ్రెండ్స్‌తో పేరుపాలెం బీచ్‌కి వెళ్ళి రావాలని ఉంది. ఇవీ కలలేనా అని నవ్వుకుంటారేమో. మా ఫ్లోర్‌లో ఒక సూపర్‌వైజర్ మాటలు బాగుండవు, అది వేరే సంగతి. నేను ఇక్కడే ఉండాలా, శ్రీసిటీ వెళ్ళాలా, పెళ్ళి చేసేసుకోవాలా?
– ఒక అప్రెంటిస్, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: నవ్వలేదమ్మా. నీ ఈడు మనవరాలు ఉన్నదాన్ని, 'నువ్వు' అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

మూడు దారులు చూపించి ఒకటి ఎంచమన్నావు. నేను ఎంచను. నీ శిక్షణకి ఇంకా నాలుగు నెలల గడువుంది. ఆ నాలుగు నెలల్లో నువ్వేం నేర్చుకుని బయటికొస్తావన్న దాన్ని బట్టి ఆ మూడు దారులూ మారిపోతాయి. ఇప్పుడు ప్లాంటువాళ్ళు నిన్ను చవగ్గా దొరికిన మనిషిగా చూస్తున్నారు. ఇంట్లోవాళ్ళు నెలనెలా వచ్చే డబ్బుగా చూస్తున్నారు. నువ్వూ అలాగే చూసుకుంటున్నావేమో అనిపించింది, 'జీతం ఇక్కడికి రెట్టింపు' అన్న మాట చదివాక. నీకిస్తున్నది పని నేర్చుకుంటున్నందుకు ఇచ్చే డబ్బు. అందుకే అది తక్కువ. నేర్పడం మానేసి ఆ తక్కువ డబ్బు మాత్రం చేతిలో పెడితే నష్టపోయేది నువ్వొక్కదానివే. కాబట్టి రావాల్సిన ఆ చదువు వసూలు చేసుకోవాలి.

ముందు కాగితం చూసుకో. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం కంపెనీ ప్రతి అప్రెంటిస్‌తోనూ ఒప్పందం రాసుకోవాలి, దాన్ని నమోదు చేయించాలి. ఇప్పుడది కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో జరుగుతోంది. చేరేటప్పుడు ఆధార్, ఇంటర్ మెమో, పాస్‌బుక్ తీసుకుని నీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగారా? అడిగి ఉంటే నమోదు అయ్యే ఉంటుంది. నీ పేరుతో లాగిన్ అయి చూడు. ట్రేడ్ పేరేమిటి, గడువు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, స్టైఫండ్ ఎంత అని అందులో ఉంటుంది. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి నీ దగ్గర పెట్టుకో. ఒప్పందమే లేదని తేలిందనుకో, అప్పుడు నువ్వు అప్రెంటిస్‌వి కావు, ఆ పేరు పెట్టి పని చేయించుకుంటున్నారంతే. అలాంటప్పుడు కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ అడగాల్సి వస్తుంది. ఆ ఫిర్యాదు వెళ్ళాల్సింది లేబర్ ఆఫీసుకి.

2019లో సవరించిన నిబంధనల్లోనే ఇంటర్ పాసైన అప్రెంటిస్‌కి నెలకి కనీసం 7,000 రూపాయలు ఇవ్వాలని ఉంది. అంతకు తగ్గకూడదు. కంపెనీ జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం (ఎన్ఏపీఎస్)లో ఉంటే, స్టైఫండ్‌లో పావు వంతు, నెలకి 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఆ వాటా నేరుగా నీ ఖాతాలోనే పడాలి. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించి జమలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో చూడు. ఇంకో మాట. అప్రెంటిస్ చేత ఓటీ చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనే ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. ఆ అదనపు గంటలు నీ శిక్షణకో ప్రజా ప్రయోజనానికో పనికొస్తాయని తేలితేనే ఆయన ఒప్పుకోవాలి. 'సరుకొచ్చింది, ఉండిపోండి' అనే సూపర్‌వైజర్లలో చాలామందికి ఇది తెలియను కూడా తెలియదు.

కాగితం అని ఇంత పట్టుబడుతున్నానంటే కారణం ఉంది. మన డెల్టాలో ఆడవాళ్ళ పని ఎన్నడూ సరిగ్గా కాగితం మీదికి రాలేదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల అమ్మమ్మలు అరుగుల మీద కూర్చుని క్రోషే సూదితో అల్లిన లేసు తరతరాలుగా విదేశాలకి వెళ్ళింది. ఏజెంటు దారం ఇచ్చి, అల్లింది పట్టుకుపోయేవాడు. ఇంట్లో మగవాళ్ళని అడిగితే 'ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటుంది లెండి' అనేవారు. ఆ 'ఏదో' మీద పిల్లల ఫీజులు గడిచిన ఇళ్ళు నాకు తెలుసు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. అల్లినవాళ్ళ దగ్గర మాత్రం మేం ఫలానా పని ఇన్నేళ్ళు చేశాం అని చూపించుకోవడానికి చిన్న చీటీ ముక్క లేదు. నీకు ఆ అవకాశం ఉంది. శిక్షణ చివర పరీక్ష ఉంటుంది, పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. అది చేతికి రాకుండా ప్లాంటు వదలకు.

ఇక గ్రేడింగ్ సంగతి. ఎనిమిది నెలలు వృథా అయ్యాయన్న నీ బాధని సగమే ఒప్పుకుంటాను. ప్లాంటులో లాభనష్టాలు తేలేది ఆ టేబుల్ మీదే. మీ నాన్నగారు చెరువు గట్టున '30 కౌంట్' అంటే కిలోకి ముప్పై రొయ్యలు, తలతో సహా. నీ టేబుల్ మీద '21/25' అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, తల తీసినవి ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు. రొయ్య బరువులో మూడో వంతుకి కొంచెం పైనే తల. లెక్క కట్టి చూడు. నాన్నగారి 30 కౌంట్ నీ దగ్గరికొచ్చేసరికి ఇంచుమించు 21/25లో పడుతుంది. గట్టు మీద రైతుకి తన కౌంట్ తెలుసు, కొనేవాడికి రెండూ తెలుసు. బేరం ఎటు మొగ్గుతుందో ఇక చెప్పక్కర్లేదు. నువ్వు చెరువింట్లో పుట్టి ప్లాంటులో నిలబడ్డదానివి, నీకు రెండూ తెలియాలి. నల్లమచ్చ పడింది, గుల్ల మెత్తబడింది, తోక విరిగింది, ఇవన్నీ ఇప్పటికి నీ వేళ్ళకి చూడకుండానే తెలిసిపోతూ ఉంటాయి. ఆ చెయ్యి తిరగడానికే కొందరికి చాలా కాలం పడుతుంది.

అయితే చేతికి వచ్చింది మాటల్లోకి రావాలి. రేపు ఎవరైనా ఇంటర్వ్యూలో 'ఏం చేశావమ్మా' అంటే 'గ్రేడింగ్ చేశానండి' అని ఆగిపోతే వాళ్ళకి ఏమీ తెలియదు. ఒక నోట్సు పెట్టు. ఫ్లోర్‌లోకి ఫోన్ రానివ్వరు కదా, తిరుగు బస్సులో రాసుకో. ఇవాళ సరుకు ఏ స్థితిలో వచ్చింది, ఐసు సరిపోయిందా, ఏ లోపాలు ఎక్కువ కనబడ్డాయి, ఎందుకు. లాట్ నంబరు ఎందుకు వేస్తారు? చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచేది దేనికి, ఆ మోతాదు ఎవరు చూస్తారు? బ్లాక్‌గా గడ్డకట్టించడానికీ, ఐక్యూఎఫ్‌లో విడివిడిగా గడ్డకట్టించడానికీ తేడా ఏంటి? రొయ్య మీద పలచగా ఐసు పూత వేస్తే తూకంలో ఆ ఐసు లెక్క ఎలా తీసేస్తారు? కోల్డ్ స్టోరేజీలో మైనస్ 18 డిగ్రీలే ఎందుకు? పక్కన పనిచేసే సీనియర్ అక్కల్ని అడుగు, వాళ్ళకి తెలియంది క్వాలిటీవాళ్ళని అడుగు. బయ్యర్ల పేర్లు, రేట్లు మాత్రం రాయకు. అవి కంపెనీ గుట్టు, నీకు అనవసరం కూడా.

ల్యాబ్‌కి వెళ్ళాలన్న కోరిక మంచిదే. అక్కడేం జరుగుతుందో తెలిస్తే ఇంకా గట్టిపడుతుంది, లేదా తీరిపోతుంది. రెండూ మంచివే. సాల్మొనెల్లా, ఈ కొలై లాంటివి ఉన్నాయా, మొత్తం బ్యాక్టీరియా ఎంత ఉంది అని చూస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి నిషేధించిన మందుల ఆనవాళ్ళు వెతుకుతారు. యూరప్ వాళ్ళు మన పెంపకం రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాని 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఒక్క లాట్ తిరిగొస్తే ప్లాంటుకి ఎంత దెబ్బో ఊహించుకో. అందుకే ల్యాబ్ తలుపు దగ్గర అంత కట్టుదిట్టం. తెల్లకోటు వేసుకున్నా లెక్కపెట్టడం తప్పదు సుమా: ఇక్కడ రొయ్యలు, అక్కడ గాజు ప్లేటులో మొలిచిన బ్యాక్టీరియా చుక్కలు.

ఇక్కడొక చేదు మాట చెప్పాలి. ఇంటర్‌తో ల్యాబ్‌లోకి వెళ్తే సాయంగా ఉండే పని దొరుకుతుంది కానీ పరీక్ష చేసి సంతకం పెట్టే పని దొరకదు. దానికి మైక్రోబయాలజీతోనో ఫిషరీస్‌తోనో డిగ్రీ కావాలి. నువ్వు బైపీసీ. ఈఏపీసెట్ రాస్తే నాలుగేళ్ళ ఫిషరీస్ డిగ్రీ బీఎఫ్ఎస్సీకి పోటీ పడొచ్చు. సీట్లు తక్కువ, చాలా కష్టపడాలి, కానీ నరసాపురంలోనే ఫిషరీస్ కాలేజీ ఉంది. అది కాకపోతే బీఎస్సీలో మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ ఉన్న కాంబినేషన్. దూరవిద్యలో డిగ్రీ చేస్తే పేరు పక్కన డిగ్రీ ఉంటుంది గానీ ల్యాబ్ ఉద్యోగానికి కావాల్సిన ప్రాక్టికల్స్ తక్కువ. ఆ ఉద్దేశంతోనే చదువుతానంటే రెగ్యులర్ కాలేజీయే నయం అని నా అభిప్రాయం. శిక్షణ ముగిసే సమయానికి అడ్మిషన్లు ఎప్పుడు పడతాయో ఇప్పుడే కనుక్కో. ప్లాంటులో ఏడాది చేసి వచ్చిన అమ్మాయి డిగ్రీ క్లాసులో మిగతావాళ్ళకంటే ముందుంటుంది. వాళ్ళు పుస్తకంలో చూసేది నువ్వు గమ్ బూట్లు వేసుకుని చూసొచ్చావు.

మరి ఈ నాలుగు నెలల్లో టేబుల్ మార్పించుకోవడం ఎలా? గొడవ పెట్టుకోకు, బతిమాలకు. నీతో చేరినవాళ్ళు కూడా అక్కడే ఇరుక్కుని ఉంటారు, కాబట్టి కలిసి వెళ్ళండి. హెచ్ఆర్ పేరు మీద ఒక అర పేజీ అర్జీ రాయండి: 'అయ్యా, మా శిక్షణలో ఫ్రీజింగ్, ప్యాకింగ్, క్వాలిటీ విభాగాలు మిగిలి ఉన్నాయి. చివర్లో పరీక్ష ఉంది కాబట్టి పట్టుబడులు తక్కువగా ఉన్న వారాల్లో మమ్మల్ని వంతులవారీగా ఆ విభాగాలకి పంపవలసిందిగా కోరుతున్నాం.' కింద తేదీ, అందరి సంతకాలు. ఒక కాపీ మీద 'అందింది' అని సంతకం చేయించుకోండి. పట్టుబడులు, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టడం, తక్కువ ఉన్నప్పుడు అని రాయడం ముఖ్యం. వేసవిలో లారీలు వరసకట్టినప్పుడు ఏ ఇన్‌ఛార్జీ టేబుల్ మీద మనిషిని వదలడు, అది వాళ్ళ ఇబ్బంది. పదిహేను రోజులు చూడండి. కదలిక లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్ళి అప్రెంటిస్‌షిప్ చూసే అధికారి ఎవరో అడగండి. ఒప్పందం మీద తగాదా వస్తే తీర్చేది అప్రెంటిస్‌షిప్ సలహాదారే అని చట్టంలో ఉంది. శిక్షణతో సంబంధం లేని పని చేయిస్తే జరిమానా కూడా ఉంది. ఐటీఐ మాట ఎత్తకముందే చాలా చోట్ల పని జరిగిపోతుంది, ఎందుకంటే నిన్ను ల్యాబ్‌కి పంపడం వల్ల వాళ్ళకి పోయేది రెండు వారాల గ్రేడింగ్ మాత్రమే.

ఒక విషయంలో ఆశ పెట్టుకోకు. అప్రెంటిస్ గడువు అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం కంపెనీని నిర్బంధించదు. తీసుకుంటే తీసుకుంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్ల మీద ఎంత టెన్షన్ పడ్డారో మీ ఇంట్లోనే చూసుంటావు. ఈ వ్యాపారం అలా ఊగుతూనే ఉంటుంది.

అంత చలిలో, తడిలో నిలబడే పిల్లవి కదా, చేతుల సంగతి చూసుకో. గ్లవ్స్ లోపల తడిగా ఉంటే మార్చుకో. రాత్రి కొబ్బరినూనె రాసుకో. షిఫ్టులో ఉన్నప్పుడే దగ్గు, ఆయాసం వచ్చి సెలవు రోజున తగ్గిపోతుంటే డాక్టరుకి నీ పని గురించి చెప్పి మరీ చూపించుకో. రొయ్య పొట్టు నుంచి లేచే తుంపరలు కొందరికి ఎలర్జీ తెస్తాయి. ఫ్రీజింగ్‌లో వాడేది అమోనియా. ఘాటు తగిలితే ముక్కుకి తడిగుడ్డ పెట్టుకుని గాలి వచ్చే వైపుకి నడువు. బయటికి దారి ఎటో ఇప్పుడే చూసి పెట్టుకో.

శ్రీసిటీ. నీ ఫ్రెండ్స్ తప్పు చేస్తున్నారని నేననను. తిరుపతి జిల్లాలో తమిళనాడు సరిహద్దున ఉన్న ఆ కంపెనీల్లో అన్ని జిల్లాల ఆడపిల్లలూ పనిచేస్తున్నారు. సొంత సంపాదన, సొంత గది, సాయంత్రం నలుగురితో కబుర్లు. ఇంటి నుంచి దూరంగా ఉండి చూడడం కూడా ఒక చదువే. అయితే వెళ్ళేముందు వాళ్ళచేత కొన్ని అడిగించు. ఉద్యోగం ఇచ్చేది కంపెనీయా, మధ్యలో కాంట్రాక్టరా? ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుంది? హాస్టల్, భోజనం, బస్సు, పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ పోగా చేతికొచ్చేది ఎంత? 'రెట్టింపు' అన్నది ఆ లెక్క తర్వాత కూడా రెట్టింపేనా? సంక్రాంతికి ఎన్ని రోజులు వదుల్తారు? చేర్పించినందుకు డబ్బడిగే ఏజెంటుకి రూపాయి ఇవ్వొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతుల్లోనూ పెట్టొద్దు, చూపించి వెనక్కి తీసుకోవాలి. నువ్వు మాత్రం ఈ నాలుగు నెలలు పూర్తి చేసుకునే వెళ్ళు. శ్రీసిటీ అప్పటికి ఎక్కడికీ పోదు. మధ్యలో వదిలేస్తే ఈ ఎనిమిది నెలల నిలబడ్డానికి రుజువే ఉండదు.

ఇంటి డబ్బు దగ్గరికొద్దాం. నాన్నగారి అప్పుకి నీ వంతు ఇవ్వడం నాకు తప్పుగా కనిపించలేదు. వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు రాత్రికి రాత్రి పోతే ఏ తండ్రైనా ఏం చేస్తాడు. కానీ మొత్తం ఇవ్వకు. ఏటీఎం కార్డు, పిన్ను నీ దగ్గరే ఉంచుకో. మొదటి వారంలోనే వెయ్యి రూపాయలు పక్కన పెట్టి మిగిలింది అమ్మ చేతికి ఇవ్వు, 'ఇది నా చదువు ఫీజుకి' అని చెప్పి మరీ. దాచిపెట్టినట్టు ఉండకూడదు. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ నెలకి వంద రూపాయలతో కూడా తెరవొచ్చు గానీ అది అయిదేళ్ళది. నీకు ఏడాదిలోపే ఫీజు కట్టాల్సి రావొచ్చు కాబట్టి బ్యాంకులో ఏడాది ఆర్‌డీ వేసుకో. ఊళ్ళో చీటీల్లో మాత్రం వేయకు. అన్నయ్య బైకు వాయిదా అన్నయ్యే కట్టుకోవాలి. ఈ మాట నువ్వు అనలేకపోతే అమ్మచేత అనిపించు. రొయ్యల కంపు అంటాడు గానీ ఆ వాయిదా కట్టే నోట్లకి ఏ కంపూ రాదు కాబోలు! మన జిల్లాలో సగం మేడలు ఆ కంపు మీదే లేచాయి, ఆ అబ్బాయికి ఎవరో ఒకరు చెప్పాలి.

పెళ్ళి గురించి నువ్వు రెండు ముక్కలే రాశావు. అబ్బాయి ఎవరో, నీకు నచ్చాడో లేదో కూడా రాయలేదు. అంటే ఇంకా అంత దూరం రాలేదన్నమాట. అమ్మతో పోట్లాడకు. 'వద్దు' అంటే పంతం వస్తుంది. ఒప్పందం ప్రింటు తీశావు కదా, గడువు తేదీ చూపించి 'ఈ తేదీకి సర్టిఫికెట్ వస్తుందమ్మా, అప్పటిదాకా ఎవరికీ మాటివ్వొద్దు' అని అడుగు. తేదీ చూపించి అడిగితే ఏ అమ్మయినా కొంత వింటుంది. ఈలోగా ఏ సంబంధమైనా ఇంటిదాకా వస్తే, వాళ్ళని అడిగించాల్సిన మొదటి మాట కట్నం కాదు, 'మా అమ్మాయి డిగ్రీ చదువుతుంది, ఉద్యోగం చేస్తుంది, మీకు సమ్మతమేనా' అన్నది. నీ ఎదురుగానే అడిగించు. పెద్దవాళ్ళు మధ్యవర్తి ద్వారా విన్న 'సరే' కీ, అబ్బాయి నోటితో అన్న 'సరే' కీ చాలా తేడా ఉంటుంది.

ఆ సూపర్‌వైజర్ సంగతి 'వేరే' అని దాటేశావు. నేను దాటను. 'మాటలు బాగుండవు' అని ఆడపిల్ల రాసిందంటే రాయని మాటలు ఇంకా ఉంటాయని ఈ శీర్షిక చూస్తున్న ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం అప్రెంటిస్‌లకి కూడా వర్తిస్తుంది, ట్రైనీలు అని తప్పించుకోవడానికి లేదు. ఒళ్ళు తాకడమే వేధింపు అనుకోకు. వెకిలి మాటలు, ద్వంద్వార్థాలు, ఫోన్ నంబరు అడగడం, 'నాతో బాగుంటే ల్యాబ్‌కి పంపిస్తా' లాంటి ఆశలు కూడా అందులోకే వస్తాయి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు మహిళే అయ్యుండాలి. ఆ పేర్లు ప్లాంటు నోటీసు బోర్డు మీద ఉన్నాయా చూడు. ఏ రోజు, ఏ టైముకి, ఏ మాట అన్నాడు, పక్కన ఎవరున్నారు అని ఇంట్లో వేరే పుస్తకంలో రాసుకో. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్కడ కమిటీ లేదంటే, లేదా భయమేస్తే, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. ఈలోపు అతనితో ఒంటరిగా కోల్డ్ స్టోరేజీ వైపుకి గానీ స్టోర్ వైపుకి గానీ వెళ్ళకు. పక్క టేబుల్ అక్కలకి కూడా చెప్పు. వాళ్ళలో ఎవరో ఒకరికి అతని సంగతి ముందే తెలిసి ఉంటుంది.

పేరుపాలెం వెళ్ళిరండి. అడగడానికి కార్తీకమాసం మంచి సమయం, ఇంట్లో ఎవరూ కాదనలేరు, సగం ఊరు అటే వెళ్తుంది. నలుగురైదుగురు కలిసి, వీలైతే పెద్ద వయసు అక్క ఒకర్ని తోడు పెట్టుకుని, పొద్దున్నే బయలుదేరండి. అలల్లోకి లోతుగా దిగొద్దు, ఆ తీరంలో ఏటా ఎవరో ఒకరు కొట్టుకుపోయారన్న వార్త వింటూనే ఉంటాం. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పెట్టుకుంటే అమ్మ రెండోసారి కూడా పంపుతుంది.

స్కూటీ మాత్రం ఇప్పుడు వాయిదాల్లో తీసుకోవద్దు. స్టైఫండ్ నాలుగు నెలల్లో ఆగిపోతుంది, వాయిదా ఆగదు. ముందు నడపడం నేర్చుకో. తెలిసినవాళ్ళ బండి మీద ఆదివారాలు కాలువ గట్టున ప్రాక్టీసు చెయ్యొచ్చు, అయితే దానికి ముందే ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, తీసుకో. ఆధార్ ఉంటే ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చెయ్యొచ్చు. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు దాటాక పరీక్షకి వెళ్ళొచ్చు. పరీక్షకి సొంత బండే ఉండాలని లేదు, కాగితాలు సరిగ్గా ఉన్న బండి చాలు. అన్నయ్య వాయిదాలు నువ్వే కట్టావు కాబట్టి కాలువ గట్టు మీద నేర్పించమని అతన్నే అడుగు.